నక్షత్రాల పెట్టె చేయించబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఫిబ్రవరిలో నీ బడి పిల్లలచేత నక్షత్ర మండలాల బొమ్మలు చేయించి, చీకటి పడ్డాక వాటినే ఆకాశంలో చూపించబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పినప్పటి నుంచి నాకు గర్వంగానూ ఉన్నది, బెంగగానూ ఉన్నది.

అమావాస్యకు దగ్గరి రోజు చూసుకో. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి 20 నిమిషాలైనా పడుతుంది కనుక ఆలోగా ఎవరినీ సెల్‌ఫోను తీయనివ్వకు. మొదటి బొమ్మగా మృగశిర, ఆర్ద్ర రెండూ ఉన్న ఓరియన్, అంటే వేటగాడి మండలాన్నే ఎంచుకో.

అసలు చెప్పవలసినది చెప్పుల పెట్టె గురించి. పెట్టెకు ఒక చివర కన్ను ఆనించే రంధ్రం చేసి, ఎదుటి చివర కిటికీ కత్తిరించి, చుక్కలు పొడిచిన నల్లకాగితాన్ని దానికి అతికించి వెలుతురు వైపు చూడటం నీకు తెలిసినదే. మా బడిలో కొత్తగా చేరిన ఒక ఉపాధ్యాయుడు, బొమ్మ అందరికీ కనబడాలన్న ఉద్దేశంతో, చుక్కలు గీసిన ముఖాన్ని బయటికి పెట్టి అతికించాడు. లోపలి నుంచి చూసేసరికి కుడి ఎడమలు తారుమారయ్యాయి. నడుమ మూడు చుక్కలు, చుట్టూ నాలుగు చుక్కలున్న ఆ ఆకారం ఎటు తిప్పినా ఇంచుమించు ఒకలాగే ఉంటుంది గనుక తప్పు ఎవరికీ తోచలేదు. రాత్రి ఎనిమిది గంటల వేళ దక్షిణానికి తిరిగి తల పైకెత్తితే ఎర్రని ఆర్ద్ర పైన ఎడమవైపు, నీలపు తెలుపు రైజెల్ కింద కుడివైపు ఉన్నాయి. పెట్టెలో మాత్రం ఎర్ర సెల్లోఫేన్ అంటించిన చుక్క కుడివైపు ఉన్నది. పిల్లలు తమ కళ్ళను కాదని పెట్టెను నమ్మి, ఆకాశంలో పైన కుడివైపు ఉన్న తెల్లని చుక్కనే ఎర్రగా ఉన్నదని ఒప్పుకున్నారు. నా భయమంతా అదే. గీసిన ముఖం లోపలికే ఉండాలి. అతికించక ముందే నీవొక రాత్రి వాకిట్లో నిలబడి సరిచూసుకోవాలి. రేపు చూద్దాంలే అనే అలవాటు నీకు చిన్ననాటిది, ఈ ఒక్కసారికి మానుకో తల్లీ.

అంతర్జాతీయ ఖగోళ సంఘం 1922లో ఖాయం చేసిన 88 మండలాల పేర్లను పిల్లలు తరువాత నేర్చుకుంటారు. ముందు ఇంట్లోని ముసలివాళ్ళను అడిగి రమ్మను. ఓరియన్ నడుమనున్న ఆ మూడు చుక్కలను అమ్మమ్మ గొల్లకావడి అనేది, కృత్తికలను పిల్లలకోడి అనేది; నీవు ఆమె ఒడిలో పడుకొని కోడిపిల్లలను లెక్కపెడుతూ పూర్తికాకుండానే నిద్రపోయేదానివి. పిల్లలు విని వచ్చిన కథకు తగినట్లు గీతలు ఎలా కలుపుకున్నా కలుపుకోనివ్వు, చుక్కల చోట్లు మాత్రం మార్చనివ్వకు.

మీ బడి డాబాకు పిట్టగోడ ఉన్నదో లేదో వెంటనే తెలియజేయి. తల పైకెత్తి వెనక్కి నడిచే పిల్లలకు అంచు కనబడదు. పిట్టగోడ లేకపోతే ఆటస్థలంలోనే చాపలు పరిపించు, వాటి కింద పురుగూ పుట్రా లేకుండా పగలే ఊడిపించు.

ఇట్లు,
పెద్దమ్మ