సొంత నెట్‌వర్క్‌కు డాట్ లోకల్ పేరు పెట్టవచ్చా?

ఇంట్లోని ఫైల్ సర్వర్‌కూ ప్రింటర్‌కూ డాట్ లోకల్ అనో డాట్ ల్యాన్ అనో ముగిసే పేర్లు పెట్టవచ్చా అని అడిగారు. రెండూ వద్దనే నా సలహా. మీ పేరు మీద రిజిస్టరైన డొమైన్ ఉంటే దాని కింద ఒక సబ్‌డొమైన్‌ను లోపలి నెట్‌వర్క్‌కు కేటాయించండి. లేదంటే హోమ్ డాట్ ఆర్ప వాడండి.

2013లో వెలువడిన ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 6762 డాట్ లోకల్‌ను మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్‌కు ప్రత్యేకించింది. పేరుకు ఐపీ చిరునామా చెప్పే డీఎన్‌ఎస్ సర్వర్ లేకుండా, ఒకే నెట్‌వర్క్‌లోని యంత్రాలు ఒకదాన్నొకటి అడిగి పేర్లు తెలుసుకునే పద్ధతి అది. నేను నిర్వహణ చూసిన ఒక కార్యాలయంలో ఎప్పుడో పెట్టిన ఆ పేరే కొనసాగుతుండేది. విండోస్ యంత్రాలకు ఏ ఇబ్బందీ లేదు గానీ, కొత్తగా చేర్చిన లినక్స్ యంత్రాల్లో పేరుకు చిరునామా వెతికే ఎన్‌ఎస్‌లుకప్ ఆదేశం సరైన ఐపీ చిరునామానే చూపేది, యంత్రం పలుకుతుందో లేదో చూద్దామని అదే పేరుకు పింగ్ కొడితే అలాంటి పేరే లేదని వచ్చేది. ఎన్‌ఎస్‌లుకప్ నేరుగా డీఎన్‌ఎస్ సర్వర్‌నే అడుగుతుంది. పింగ్ మాత్రం పేర్లను ఎక్కడెక్కడ వెతకాలో చెప్పే ఎన్‌ఎస్‌స్విచ్ ఫైలులోని వరుసను పాటిస్తుంది. ఆ వరుసలో మల్టీకాస్ట్ ముందుంది, అక్కడ జవాబు రాకపోతే ఇక వెతకవద్దని కూడా రాసి ఉంది. సర్వర్ బాగానే ఉన్నా దాన్ని అడిగేవారే లేరన్నమాట.

డాట్ ల్యాన్ ఇవాళ ఇంటర్నెట్‌లో ఎవరికీ ఇవ్వలేదు, నిజమే. రేపు ఇవ్వరన్న హామీ కూడా ఎక్కడా లేదు. డాట్ డెవ్‌ను కూడా చాలామంది డెవలపర్లు ఇలాగే ధీమాగా వాడుకున్నారు. అది గూగుల్ చేతికి వెళ్లింది, 2017 చివర్లో వచ్చిన క్రోమ్ 63 ఆ పేర్లన్నిటికీ ఎన్‌క్రిప్షన్‌తో నడిచే హెచ్‌టీటీపీఎస్‌ను తప్పనిసరి చేసింది. దాంతో సైటు గుర్తింపును ధ్రువీకరించే సర్టిఫికెట్ లేని లోపలి సైట్లు ఆ బ్రౌజర్‌లో తెరుచుకోవడం మానేశాయి.

హోమ్ డాట్ ఆర్పను ఇళ్ల నెట్‌వర్క్‌ల కోసమే 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8375 కేటాయించింది. డాట్ ఇంటర్నల్‌ను ప్రైవేటు వాడకానికి వదిలిపెడుతున్నట్టు ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ 2024లో నిర్ణయించింది, కార్యాలయాలకు అదీ బాగుంటుంది. అయితే ఈ రెండింటికీ బయటి సంస్థలేవీ సర్టిఫికెట్ ఇవ్వవు. సొంత సబ్‌డొమైన్ మేలనడానికి నాకు ముఖ్య కారణం ఇదే: డొమైన్ మీదేనని రుజువుగా డీఎన్‌ఎస్‌లో ఒక టీఎక్స్‌టీ రికార్డు చూపిస్తే చాలు, సర్వర్‌ను ఇంటర్నెట్‌కు తెరవకుండానే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ నుంచి ఉచితంగా సర్టిఫికెట్ వస్తుంది. కాకపోతే అలా తీసుకున్న ప్రతి పేరూ సర్టిఫికెట్ ట్రాన్స్‌పరెన్సీ లాగ్‌లనే బహిరంగ చిట్టాలలోకి చేరి ఎవరికైనా కనిపిస్తుంది కాబట్టి, యంత్రాల పేర్లు బయటపడటం ఇష్టం లేనివారు సబ్‌డొమైన్ కింది పేర్లన్నిటికీ ఒకటే సరిపోయే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఐపీ చిరునామాల రికార్డులను మాత్రం లోపలి డీఎన్‌ఎస్ సర్వర్‌లోనే ఉంచండి. బయటి డీఎన్‌ఎస్ నుంచి ప్రైవేటు చిరునామా జవాబుగా వస్తే, బయటి సైటు మీ బ్రౌజర్ ద్వారా లోపలి యంత్రాలను చేరే రీబైండింగ్ దాడి కావచ్చని కొన్ని రౌటర్లు దాన్ని అడ్డుకుంటాయి.