లైసెన్సులు సరే, ముందు పిల్లాడికి ఎక్కడికెళ్తున్నాడో చెప్పండి

తప్పిపోయిన, దిక్కులేని పిల్లల్ని ఉంచే హోముల నుంచి వాళ్లని ఊళ్లు దాటించే బండ్లకి, ఏజెన్సీలకి లైసెన్సు ఉండాలా అని అడిగారు. పెట్టుకోండి, నేనెందుకు కాదంటాను. కానీ ఉన్న చట్టాన్నే ఎవరూ తెరిచి చూడరు.

విజయవాడలో ఒక హోమ్‌లో నాలుగేళ్లు పనిచేశాను. ఇంట్లో అలిగి రైలెక్కేసిన పదకొండేళ్ల ఒడియా కుర్రాణ్ణి ఒడిశాలోని బరంపురంలో పిల్లల సంక్షేమ కమిటీకి అప్పజెప్పాలి, వాళ్లమ్మ అక్కడికే వస్తుంది. పిల్లల రక్షణ కోసం ఉన్న 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 95వ సెక్షన్ ప్రకారం పంపమని ఆర్డరయ్యాక 15 రోజుల్లో ఎస్కార్ట్‌తో పంపాలి, ఆడపిల్లయితే మహిళా పోలీసు ఉండాలి, వెంట వెళ్లేవాళ్లకి డబ్బులు ముందే ఇవ్వాలి. మావాడికి రెండు నెలలు పట్టింది. డబ్బులంటారా, నా జేబులోంచే. తర్వాత బిల్లు పెడితే అరటిపండ్లకి రసీదేదీ అన్నారు, ప్లాట్‌ఫామ్ మీద గంప పెట్టుకున్న ఆవిడని రసీదు ఎలా అడుగుతామండీ!

యూనిఫాం వద్దని కూడా రూల్సులో ఉంది. మాతో వచ్చిన కానిస్టేబుల్‌కి మఫ్టీ అంటే చొక్కా మార్చుకోవడమే, కింద ఖాకీ ప్యాంటు, ఎర్రబూట్లు అలాగే ఉన్నాయి. రైలు కదిలిన పది నిమిషాలకే ఎదుటి బెర్తు పెద్దాయన "ఏం కొట్టేశాడేంటి వీడు?" అని అడిగేశాడు. పిల్లాడు కిటికీ వైపు తిరిగిపోయాడు.

రాజమండ్రి దాటాక చూస్తే ఒళ్లో సంచీ, సంచీలో తువ్వాలు చుట్టిన స్టీలు కంచం. మా హోమ్‌దే. ఇదెందుకురా అంటే, "అక్కడ కంచాలు ఇవ్వరేమో సార్" అన్నాడు.

ఇంకో హోమ్‌కి మారుస్తున్నాం అనుకున్నాడు వాడు! అమ్మ దగ్గరికని ఒక్కరమూ చెప్పలేదు. సూపరింటెండెంట్ చెప్పుంటారని నేను, నేను చెప్పుంటానని ఆవిడ. పిల్లలకి సంబంధించిన నిర్ణయాల్లో వాళ్ల మాట కూడా వినాలని అదే చట్టం 3వ సెక్షన్‌లో ఉంది, మాకు ట్రైనింగ్‌లో స్లైడ్ వేసి మరీ చూపించారు.

దారిలో పారిపోతారని టాయిలెట్ దాకా వెంటపడతారు గానీ, నన్నడిగితే ఎక్కడికి తీసుకెళ్తున్నారో తెలీకే పిల్లలు పారిపోతారు. అమ్మ దగ్గరికేరా అని చెప్పాక మావాడు కానిస్టేబుల్ భుజమ్మీద తల పెట్టుకుని పలాస దాకా నిద్రపోయాడు.

కంచం వెనక్కి తీసుకోలేదు. స్టాక్ రిజిస్టర్లో "విరిగినది" అని రాశాను, స్టీలు కంచం ఎలా విరిగిందని ఆడిట్‌లో ఎవరూ అడగలేదు.