మీ ప్రశ్నలు – మా జవాబులు: ఇంగ్లీషు కవి, విమర్శకుడు మాథ్యూ ఆర్నాల్డ్

ప్రశ్న: మాథ్యూ ఆర్నాల్డ్ ఆక్స్‌ఫర్డ్ ప్రొఫెసర్ అంటారు, స్కూళ్ల ఇన్‌స్పెక్టర్ అనీ అంటారు. ఏది నిజం? ‘లైట్ ఆఫ్ ఏషియా’ రాసిందీ ఈయనేనా?
– ఎం.ఏ. విద్యార్థిని, కావలి

జవాబు: ముందు రెండోదాని సంగతి చూద్దాం, మార్కులు పోయేది అక్కడే. 1879లో బుద్ధుడి కథను ‘లైట్ ఆఫ్ ఏషియా’గా రాసింది ఎడ్విన్ ఆర్నాల్డ్, పూనాలో కాలేజీ ప్రిన్సిపాల్‌గా చేసినాయన. మీరు చదువుతున్న మాథ్యూ వేరు. ఈయన 1822లో పుట్టాడు, రగ్బీ స్కూలు హెడ్‌మాస్టర్ థామస్ ఆర్నాల్డ్ కొడుకు.

ఉద్యోగాల మాటకొస్తే రెండూ నిజమే. అయితే ఇల్లు గడిపింది ఇన్‌స్పెక్టర్ జీతం. 1851లో పెళ్లి కుదిరింది, నిలకడైన రాబడి కావలసొచ్చింది. ఆ ఏడు చేరి 1886 దాకా, 35 ఏళ్లు ఆ పనే చేశాడు. ఆక్స్‌ఫర్డ్ కవిత్వ పీఠం, అంటే ఆ ప్రొఫెసర్ పదవి, ఎన్నికతో వచ్చేది, అయిదేళ్ల గడువు. 1857 నుంచి 1867 దాకా రెండు గడువులు ఉన్నాడు. లాటిన్‌లో సాగుతూ వచ్చిన ఆ ఉపన్యాసాలను ఇంగ్లీషులో మొదలుపెట్టింది ఆయనే.

ఇన్‌స్పెక్టర్ పనిని పక్కనబెట్టి ఆయన విమర్శ చదవకండి. 1862 నుంచి ఇంగ్లండులో స్కూలు గ్రాంటును పరీక్షా ఫలితాలతో ముడిపెట్టారు. సగటు హాజరు లెక్కన తలకు 4 షిల్లింగులు, చదవడం, రాయడం, లెక్కలు మూడూ గట్టెక్కితే 8 షిల్లింగులు. ఒక్కొక్కటి తప్పితే 2 షిల్లింగుల 8 పెన్నీలు కోత. దాంతో బడుల్లో బట్టీ పెరిగింది. తెలివిగా తయారుచేస్తే చదవడం నిజంగా రాని పిల్లల్ని కూడా ఆ పరీక్ష దాటించవచ్చని ఆర్నాల్డ్ 1867 రిపోర్టులో రాశాడు. సర్కారు కొలువులో ఉంటూ సర్కారు పద్ధతిని తప్పుపట్టిన మనిషి ఆయన.

ప్రశ్న: ఆర్నాల్డ్ కవిత ‘డోవర్ బీచ్’ తెలుగు చేస్తున్నాను. అలలు లాగి విసిరే ‘పెబుల్స్’ను ఇసుక రేణువులు అన్నాను. మన మైపాడులో, కొత్తపట్నంలో ఉండేది ఇసుకే కదా, తప్పా?
– ఇంగ్లీషు టీచర్, ఒంగోలు

జవాబు: తప్పే. అక్కడ ఇసుక పెడితే కవిత మొత్తం మూగబోతుంది. మన ఒడ్డున అల విరిగిపడేటప్పుడే హోరు. వెనక్కి పోయేటప్పుడు ఇసుక నీళ్లు పీల్చుకుంటుంది, చప్పుడు తగ్గిపోతుంది. డోవర్‌లో గులకరాళ్లు. వెనక్కి పోయే నీళ్లే వాటిని దొర్లిస్తాయి, ఒకదానికొకటి ఒరుసుకుని గరగరమంటాయి. ట్రాక్టర్ తొట్టి మెల్లగా ఎత్తి కంకర జారవిడిచినప్పుడు వినండి, కొంత అందుతుంది. ఆ గరగర మొదలవుతుంది, ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. ఆర్నాల్డ్ దిగులంతా ఆ వెనక్కి పోయే చప్పుడులోనే ఉంది. కవితలో గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ ఏజియన్ సముద్రపు ఒడ్డున విన్నదీ అదే, తర్వాత వచ్చే ‘విశ్వాస సముద్రం’ (మతవిశ్వాసాన్ని సముద్రంతో పోల్చాడు) వెనుదిరిగేదీ ఆ హోరుతోనే. అందుకే అక్కడ ‘షింగిల్స్’ అన్నచోట కూడా గులకరాళ్లనే మళ్లీ వాడండి. పాఠకుడి చెవి రెండు చోట్లనూ కలుపుకుంటుంది.

ఇంకో మూడు చోట్ల జాగ్రత్త. ‘గర్డిల్’కు వడ్డాణం వద్దు. మూలంలో దానికి మడతలున్నాయి, వడ్డాణం మడత పడదు. నడికట్టు అనండి. చివరి భాగం మొదట్లో ‘లవ్’ అన్నది పక్కనున్న మనిషిని పిలవడం. ‘ఓ ప్రేమా’ అంటే అర్థమే మారుతుంది, ‘ప్రియా’ చాలు. ఆఖరి పాదంలో ‘ఇగ్నరెంట్ ఆర్మీస్’ను అజ్ఞానపు సేనలు చెయ్యకండి. సిసిలీలో చీకట్లో జరిగిన పోరులో తమవాళ్లనే తాము పొడుచుకున్న సైనికుల గురించి గ్రీకు చరిత్రకారుడు థ్యూసిడిడీస్ రాసింది అక్కడ వెనకాల ఉంది. ఎవరు ఎవరో తెలియని సేనలు అనాలి.

ఛందస్సు సంగతి: మూలం 37 పాదాలు, పొడుగూ పొట్టీ కలిసి ఉంటాయి. ప్రాసలున్నాయి గానీ వాటికి స్థిరమైన వరస లేదు. సీసంలో బిగించకండి. వచన కవితలో అక్కడక్కడ అంత్యప్రాస తగిలిస్తే దగ్గరగా వస్తుంది.

ప్రశ్న: ఆర్నాల్డ్ ‘టచ్‌స్టోన్’ పద్ధతిని తిక్కన మీద వాడవచ్చా?
– రిటైర్డ్ ఉద్యోగి, నెల్లూరు

జవాబు: వాడవచ్చు. ఆ మాటకు మనకు గీటురాయి ఉండనే ఉంది. కంసాలి కొత్త నగను రాయి మీద గీసి, మచ్చు తెలిసిన బంగారం గీత పక్కన పెట్టి చూస్తాడు. 1880 నాటి వ్యాసంలో ఆర్నాల్డ్ చెప్పింది అదే. హోమర్, డాంటే, షేక్‌స్పియర్, మిల్టన్‌ల పాదాలు కొన్ని మనసులో ఉంచుకుని కొత్త కవితను వాటి పక్కన పెట్టి చూడమన్నాడు.

ముందు నాలుగైదు పాదాలు నోటికి పట్టండి. విరాటపర్వంలో ‘వచ్చినవాడు ఫల్గుణు డవశ్యము గెల్తు మనంగరాదు’ తీసుకోండి. అలంకారం ఒక్కటీ లేదు. వచ్చినవాడెవరో చెప్పాడు, గెలుపు ఖాయం కాదన్నాడు, అంతే. పద్యం నడక మాటాడినట్టే ఉంది, బరువు మాత్రం తగ్గలేదు. ఇప్పుడు మీరు తూచదలచిన పద్యం దీని పక్కన గట్టిగా చదవండి. విషయం ఒకసారి, మాట పొందిక ఇంకోసారి చూడండి. మన ఊరి కవి అన్న అభిమానాన్నీ, ఎంత పాతదో అన్న గౌరవాన్నీ ఆ కాసేపు పక్కన పెట్టాలి. ఆ రెండూ లెక్క తప్పిస్తాయని ఆర్నాల్డే హెచ్చరించాడు.

ఈ పద్ధతి దెబ్బతినే చోటు కూడా ఉంది. ఆయన ఎంచిన పాదాలన్నీ గంభీరమైనవే. అందుకే పాత ఇంగ్లీషు మహాకవి చాసర్ అంతటివాడికి ఉన్నత గాంభీర్యం లేదని మొదటి వరసలో చోటివ్వలేకపోయాడు. మీ మచ్చులన్నీ యుద్ధం, శోకం అయితే అదే విరాటపర్వంలో ఉత్తరకుమారుడి ప్రగల్భాలు రాయి మీద గీత పడవు. మచ్చుల్లో అక్కడి పద్యం ఒకటి కూడా చేర్చుకోండి.