టెక్ సందేహాలు: రెండు కొసలూ ఒకే స్విచ్‌లో

ప్రశ్న: గుంటూరులో మాది 14 కంప్యూటర్లున్న ఆడిటర్ కార్యాలయం. వెనుక గదికి వైఫై అందడం లేదని, ఇంట్లో వాడకుండా పడి ఉన్న పాత రౌటర్‌ను తెచ్చి నేనే అమర్చాను. ఆ రోజంతా బాగానే పనిచేసింది. మర్నాటి నుంచి సగం మందికి ట్యాలీ తెరుచుకోవడం లేదు, ప్రింటర్ కనిపించడం లేదు. మిగతా వాళ్లకు ఏ ఇబ్బందీ లేదు. ఇంటర్నెట్ కంపెనీ వాళ్లతో రెండు రోజులు గొడవపడ్డాను. తప్పు ఎవరిది?

జవాబు: ముందుగా ఆ కంపెనీ వాళ్లకు ఫోన్ చేసి ఫిర్యాదు వెనక్కి తీసుకోండి, ఎందుకంటే తప్పు మీ వెనుక గదిలోనే ఉంది. కార్యాలయంలోని ప్రతి కంప్యూటరూ తెరవగానే తనకొక చిరునామా కావాలని నెట్‌వర్క్ మొత్తానికి వినబడేలా అడుగుతుంది. అడిగినవారికి చిరునామాలు పంచే ఏర్పాటును డీహెచ్‌సీపీ అంటారు. ఇన్నాళ్లూ ఆ పని కార్యాలయంలోని ప్రధాన రౌటర్ ఒక్కటే చేసేది. ఇప్పుడు ఇంటి నుంచి వచ్చినదీ అదే పనికి పూనుకుంది. ఎవరి జవాబు ముందు అందితే కంప్యూటర్ దాన్నే పట్టుకుంటుంది కాబట్టి, కొందరికి 192.168.1తో మొదలయ్యే చిరునామాలు, కొందరికి 192.168.0తో మొదలయ్యేవి వచ్చి ఉంటాయి. రెండో గుంపులో పడినవారికి ట్యాలీ ఉన్న కంప్యూటర్ పక్క బల్ల మీదే ఉన్నా పక్క ఊళ్లో ఉన్నట్టే. మొదటి రోజు ఏమీ తెలియకపోవడానికి కారణం కూడా ఇదే: అప్పటికే తీసుకున్న చిరునామా గడువు తీరేవరకో, కంప్యూటర్‌ను మళ్లీ తెరిచేవరకో గొడవ బయటపడదు.

ఇబ్బంది పడుతున్న ఒక కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ (ipconfig) అని కొట్టండి. డీఫాల్ట్ గేట్‌వే ఎదురుగా కనిపించే అంకెలు, బాగా పనిచేస్తున్న కంప్యూటర్‌లోని అంకెలు వేరుగా ఉంటే నా అనుమానం నిజమే. అప్పుడు ఇంటి రౌటర్‌ను నెట్‌వర్క్ నుంచి విడదీసి, ఒక ల్యాప్‌టాప్‌కు మాత్రమే కలిపి, దాని సెట్టింగులలో యాక్సెస్ పాయింట్ మోడ్ (చిరునామాలు పంచకుండా వైఫై మాత్రమే అందించే పద్ధతి) ఉంటే అది ఎంచుకోండి. లేకపోతే దాని చిరునామాను ప్రధాన రౌటర్ వరుసలో ఎవరికీ ఇవ్వని అంకెకు మార్చి, డీహెచ్‌సీపీని ఆపివేసి, కేబుల్‌ను వ్యాన్ అని రాసి ఉన్న పోర్టులో కాకుండా ల్యాన్ పోర్టులోనే పెట్టండి. ఆపైన ఇబ్బంది పడిన కంప్యూటర్లన్నిటినీ ఒకసారి రీస్టార్ట్ చేయండి.

ప్రశ్న: హైదరాబాద్‌లోని మా కార్యాలయంలో శుభ్రం చేస్తున్నప్పుడు, నెట్‌వర్క్ స్విచ్ (కంప్యూటర్ల కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టె) కింద వేలాడుతున్న ఒక కేబుల్ కొసను ఖాళీ పోర్టులో గుచ్చాను. నిమిషం తిరగకముందే 30 మందికి నెట్‌వర్క్ పోయింది. ఒక్క తీగ ఇంత పని చేస్తుందా?

జవాబు: చేస్తుంది. ఆ తీగ రెండో కొస అదే స్విచ్‌లో ఉండి ఉంటుంది. అందరికీ అని పంపిన సందేశాన్ని స్విచ్ అన్ని పోర్టులకూ పంపిస్తుంది. ఆ తీగలోంచి అదే సందేశం తిరిగి తన దగ్గరకే వస్తే, కొత్తదనుకుని మళ్లీ అందరికీ పంపిస్తుంది. ఇంటర్నెట్ ప్యాకెట్లకు ఇన్ని మజిలీల తరువాత చచ్చిపోవాలనే లెక్క ఉంటుంది గానీ, స్విచ్‌లు అందుకుని పంపే సందేశపు పొట్లానికి, అంటే ఈథర్‌నెట్ ఫ్రేముకు, అటువంటి ఆయుఃపరిమితి లేదు. అది తిరుగుతూనే ఉంటుంది. నేనూ పనిలో చేరిన కొత్తలో ఇదే చేశాను. స్విచ్ మీది లైట్లన్నీ ఒక్కసారిగా, ఒకే లయలో, పిచ్చిపట్టినట్టు మిణుకుమిణుకుమనడం చూసి పని బాగా జరుగుతోందని మురిసిపోయాను కూడా. అరగంట తరువాత, స్విచ్ పాడైపోయిందని కొత్తది తెప్పించబోతున్న మా పెద్దాయన వంగి చూసి, ఏమీ అనకుండా ఆ తీగ పీకేశారు.

ఈ చిక్కుకు మందు చాలాకాలం కిందటే దొరికింది. డీఈసీ అనే కంప్యూటర్ల సంస్థలో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్ 1985లో రూపొందించిన స్పానింగ్ ట్రీ పద్ధతి, అటువంటి చుట్టును పసిగట్టి ఒక పోర్టును తాత్కాలికంగా మూసివేస్తుంది. అయితే తక్కువ ధరకు దొరికే సాధారణ స్విచ్‌లలో చాలావాటికి ఆ తెలివి ఉండదు. ముప్పై మంది పనిచేసే చోట అటువంటిది పెట్టడం నా దృష్టిలో పొదుపు కాదు. సెట్టింగులు మార్చుకునే వీలున్న మేనేజ్డ్ స్విచ్ కొని, స్పానింగ్ ట్రీ పనిచేస్తోందో లేదో సరిచూసుకోండి. బల్ల మీది ఐపీ ఫోన్ వెనుక ఉండే రెండు పోర్టులనూ గోడకే కలిపినా ఇదే ప్రమాదం ఉంది.

ప్రశ్న: కేబుళ్లకు నేనే కనెక్టర్లు క్రింప్ చేశాను. టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ వరుసగా వెలిగాయి. అయినా వేగం రావడం లేదు, కనెక్షన్ తెగిపోతోంది.

జవాబు: మీరు నారింజ జత, ఆకుపచ్చ జత, నీలం జత, గోధుమ జత అని చూడముచ్చటగా పక్కపక్కన పేర్చి ఉంటారు. సరైన వరుసలో 3, 6 పిన్నులకు ఆకుపచ్చ జత రావాలి, నీలం జత వాటి మధ్య 4, 5లో కూర్చోవాలి. మెలిపెట్టిన జతలోని రెండు తీగలూ ఒకే సంకేతాన్ని మోస్తేనే బయటి రొద ఒకదానికొకటి కొట్టుకుపోతుంది. మీ టెస్టర్ తీగ ఈ కొస నుంచి ఆ కొసకు చేరిందా అన్నదే చూస్తుంది, ఏ తీగ ఎవరితో మెలిపడి ఉందో దానికి తెలియదు. కొసలు కత్తిరించి మళ్లీ వేయండి.

ప్రశ్న: కేబుల్ గుచ్చగానే మా స్విచ్ దానంతట అదే రీసెట్ అయిందంటే మేనేజర్ నమ్మడం లేదు. నా పొరపాటే అంటున్నారు.

జవాబు: మోడల్ రాయలేదు గానీ, అది సిస్కో క్యాటలిస్ట్ 3650 లేదా 3850 అయితే మీ మాట నిజం కావచ్చు. మొదటి పోర్టుకు సరిగ్గా పైన మోడ్ బటన్ ఉంటుంది. కేబుల్ కొసకు రక్షణగా ఉండే రబ్బరు తొడుగు ఆ బటన్‌ను నొక్కిపట్టి స్విచ్‌ను రీసెట్ చేయగలదని సిస్కోయే 2013లో ప్రకటించింది. తొడుగు లేని కేబుల్ వాడండి, లేదా ఆ బటన్‌తో రీసెట్ కాకుండా సెట్టింగులలో ఆపివేయండి. దానికి ముందు, తొడుగు బటన్‌కు ఆనుకున్న చోటును దగ్గరగా ఫొటో తీసి మీ మేనేజర్‌కు పంపించండి.