తోలు మిషను మొరాయిస్తే ముందు స్క్రూ డ్రైవర్ పక్కన పెట్టు

చిట్టీ,

నువ్వు రాసిందంతా రెండుసార్లు చదివాను. మందం ఉన్నచోట కుట్లు తప్పుతున్నాయి, కింద దారం ఉండలు కడుతోంది, అప్పుడప్పుడు పై దారం పీచుపీచుగా అయి తెగిపోతోంది, ఇంక హుక్ టైమింగ్ (కింద తిరిగే హుక్ సూది దారాన్ని అందుకునే వేళ) పోయినట్టుంది నేనే విప్పి సెట్ చేస్తా అన్నావు. వద్దమ్మా, ఇప్పుడే టైమింగ్ జోలికి వెళ్ళకు. నిన్నటిదాకా కుట్టిన మిషనుకి రాత్రికి రాత్రి టైమింగ్ దానంతటదే మారడం చాలా అరుదు, సూది వెళ్ళి ఇనుముకి గట్టిగా గుద్దుకుని ఉండాలి లేదంటే దారం హుక్‌లో బిగుసుకుపోయినా మోటారు అలాగే తిప్పేసి ఉండాలి. అలాంటిదేం జరగలేదంటే తప్పు నీ చేతికి అందే చోటే ఉంది, స్క్రూలు విప్పితే మాత్రం ఉన్న ఒక్క తప్పుకి ఇంకో మూడు తోడవుతాయి, తర్వాత ఏది దేనివల్లో ఎవరికీ తెలీదు.

ముందు సూది మార్చు. పాతది బాగానే కనిపిస్తోంది కదా అనకు, కంటికి కనిపించని వంకర చాలు. దాన్ని అద్దం ముక్క మీద దొర్లించి చూడు, మొన పైకీ కిందకీ ఊగితే వంగినట్టే, గోరు మీద మొన లాగితే గీరుకుంటే మొన విరిగినట్టే. సూది మార్చేటప్పుడు స్విచ్ ఆపెయ్యి, మోటారు పెడల్‌కి కాలు తగిలినా చాలు తిరిగేస్తుంది, వేళ్ళు అక్కడే ఉంటాయి. కొత్త సూదిని పైకి ఆనేదాకా తోసి బిగించు. బెజ్జం పైన ఒక పక్క నొక్కు ఉంటుంది చూడు, అది హుక్ వైపు ఉండాలి, పొడుగు గాడి దానికి ఎదురు పక్క ఉండాలి. ఇండస్ట్రియల్ సూదుల పైభాగం గుండ్రంగా ఉంటుంది కాబట్టి ఇంటి మిషను సూదిలా ఒక్క పద్ధతిలోనే దూరదు, కొంచెం పక్కకి తిరిగినా బిగిసిపోతుంది, అంతే, కుట్లు తప్పడం మొదలు. టార్చి వేసి చూసి బిగించు.

సూది ప్యాకెట్ మీద రెండు నంబర్లు ఉంటాయి, రెండూ ముఖ్యమే. ఒకటి సిస్టమ్, అంటే సూది పొడుగూ, బిగించే పైభాగం లావూ ఎలా ఉండాలో చెప్పేది. జూకీ 1541, కాన్సూ 206 లాంటి వాకింగ్ ఫుట్ మిషన్లకి (తోలుని అదిమే ఫుట్ కూడా సూదితో పాటు నడిచేవి) 135 ఇంటూ 16, 135 ఇంటూ 17 వస్తాయి. 16 తోలుకి, మొన కత్తిలా కోస్తుంది. 17 గుడ్డకి, మొన గుండ్రం. రెండిటి పొడుగూ ఒకటే కాబట్టి కలిసిపోతుంటాయి, నువ్వు కుట్టే మందం తోలులో గుండ్రటి మొన కష్టపడుతూ దూరుతుంది, వేడెక్కుతుంది, పైకి వచ్చేటప్పుడు తోలుని కూడా తనతో లాక్కొస్తుంది. తోలు సూదుల్లో ఎల్ఆర్ పాయింట్ అయితే కుట్టు కాస్త ఏటవాలుగా అందంగా పడుతుంది, ఎస్ పాయింట్ అయితే తిన్నగా పడుతుంది, అది నీ ఇష్టం.

రెండో నంబరు సైజు, అంటే సూది లావు. బాండెడ్ నైలాన్ దారంలో, అంటే పోగులు విడకుండా పూత పూసినదాంట్లో, టెక్స్ (దారం లావు చెప్పే కొలత) 70కి 18 సూది, టెక్స్ 90కి 20, టెక్స్ 135 అంటే దారం కొట్లవాళ్ళు 138 అని అమ్మేది, దానికి 22 లేదా 23. నువ్వు 138 దారాన్ని 20 సూదిలో నడుపుతున్నానని రాశావు చూడు, నాకు అక్కడే అనుమానం వచ్చింది. దారం బెజ్జంలోంచి వదులుగా జారాలి. మిషనులో పెట్టకముందే ఒక జానెడు దారం సూదిలో ఎక్కించి ఏటవాలుగా లాగి పట్టుకో, సూది తన బరువుకి తనే జారిపోవాలి. ఆగిపోయిందంటే సైజు చాలదు. అదే దారం ఒక్కో కుట్టుకీ అదే ఇరుకులో ముందుకీ వెనక్కీ రాసుకుంటుంది, పైన బాండింగ్ పూత లేచిపోతుంది, పోగులు విడిపోతాయి, నువ్వన్న పీచు అదే.

తర్వాత దారం మొత్తం పీకేసి మళ్ళీ మొదటినుంచి ఎక్కించు, ఫుట్ పైకి ఎత్తి ఎక్కించు. ఫుట్ దించి ఉంటే టెన్షన్ బిళ్ళలు (దారాన్ని నొక్కి బిగువునిచ్చేవి) మూసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యలోకి పోకుండా అంచు మీదే కూర్చుంటుంది, పైకి మాత్రం ఎక్కించినట్టే కనిపిస్తుంది. ఎక్కించాక ఫుట్ దించి చేత్తో లాగి చూడు, బిగువుగా రావాలి, ఫుట్ ఎత్తితే సులువుగా రావాలి. రెండు సార్లూ ఒకేలా వస్తే బిళ్ళల మధ్య దారం లేదు, లేదా పీచో జిగురు ముక్కో ఇరుక్కుని అవి మూసుకోవడం లేదు. కింద ఉండలు కడుతుంటే అందరూ బాబిన్ (కింద దారం చుట్టిన చిన్న కండె) మీద పడతారు, నువ్వూ అదే చేసినట్టున్నావు, కానీ కింద పోగయ్యేది పై దారం. దాన్ని వెనక్కి పైకి లాగే బిగువు లేక కిందే మిగిలిపోతోంది. కాబట్టి కింద గలాటా ఉంటే పైన వెతుకు.

దారం కండె స్టాండు కూడా చూడు, పైన కడ్డీకి ఉన్న రంధ్రం సరిగ్గా కండె నడినెత్తిన ఉండాలి, పక్కకి ఉంటే లావు దారం స్ప్రింగులా చుట్టలు తిరుగుతూ వచ్చి ఒక్కోసారి కండెకే పట్టుకుంటుంది, ఆ ఒక్క కుట్టు బిగిసిపోతుంది. ఇంకోటి, మామూలు మిషన్లకి జెడ్ పురి (ఎడమ మెలిక) దారమే వాడాలి, ఎస్ పురి (కుడి మెలిక) తెచ్చుకుంటే మిషను నడిచేకొద్దీ పురి విడిపోతుంది, అప్పుడు నువ్వెన్ని టెన్షన్లు తిప్పినా లాభం లేదు.

టెన్షన్ విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. పై దారం, కింద దారం కలిసే ముడి తోలు మందం మధ్యలో దాక్కోవాలి. ముడి పైకి కనిపిస్తే పైన బిగువు ఎక్కువ, కిందకి కనిపిస్తే తక్కువ. ముందు పై నట్టు తిప్పు, పావు చుట్టు చొప్పున, ఒక్కోసారికీ వేస్ట్ ముక్క మీద కుట్టి చూడు. బాబిన్ స్క్రూని మాత్రం చివర్లో ముట్టుకో, అది కూడా మార్కర్ పెన్నుతో గుర్తు పెట్టుకుని. పల్చటి తోలులో ముడి దాక్కోవడానికి చోటే తక్కువ, అక్కడ ఈ దారంతో మధ్యలో కూర్చోబెట్టలేవు, దారం సన్నం చేసుకోవడమే దారి. మొదలెట్టేటప్పుడు రెండు దారాల కొసలూ పట్టుకుని రెండు మూడు కుట్లు వెయ్యి, వదిలేస్తే కొస కిందకి పోయి ఉండ కడుతుంది. పని తీసేటప్పుడు టేకప్ లివర్ (పై దారాన్ని లాగుతూ పైకీ కిందకీ ఆడే చెయ్యి) పైన ఉండగా తియ్యి.

ఇప్పుడు మందం దగ్గర కుట్టు తప్పడం సంగతి. ఇది నీ కళ్ళతో నువ్వు చూడాలి, చూస్తే ఇంక ఎవరినీ అడగక్కర్లేదు. స్విచ్ ఆపి, నీడిల్ ప్లేట్ పక్క స్లైడు తెరిచి, టార్చి పెట్టి, నాలుగు పొరల వేస్ట్ ముక్క మీద హ్యాండ్ వీల్‌ని నీవైపుకి మెల్లగా తిప్పు. సూది కిందకి పూర్తిగా దిగుతుంది, తర్వాత వెంట్రుకవాసి పైకి లేస్తుంది, అప్పుడు సూది పక్కన దారం చిన్న ఉచ్చులా ఉబ్బుతుంది. హుక్ మొన వచ్చి దూరేది ఆ ఉచ్చులోకే. ఆ ఉబ్బు ఎందుకొస్తుందంటే తోలు దారాన్ని పట్టుకుని కదలకుండా ఉంటుంది, సూది ఒక్కటే పైకి పోతుంది. తోలు కూడా సూదితో పాటు లేస్తే ఉబ్బు రాదు, హుక్ ఖాళీగా తిరిగి పోతుంది, కుట్టు తప్పింది. అందుకని తోలు లేస్తోందా అని ఫుట్ దగ్గర చూడు, లేస్తుంటే ఫుట్ ప్రెషర్ కొంచెం పెంచు, సూది తోలుదేనా అని మళ్ళీ చూడు. లోపలి ఫుట్ సూదితో పాటు కిందే ఉండి తోలుని అదిమి పట్టాలి, మందం ఎక్కేటప్పుడు ఫుట్లు ఎత్తు చాలక తట్టుకుంటుంటే లిఫ్ట్ పెంచుకో, మిషను మీద దానికి వేరే డయలో స్క్రూవో ఉంటుంది. అన్నీ కుదిరినా ఉబ్బు చిన్నగానే వస్తుంటే అప్పుడు హుక్‌కీ సూదికీ మధ్య ఖాళీ చూడాలి. ఇదివరకు వాడినవాళ్ళు 23 సూదికి సెట్ చేసుకుని ఉండొచ్చు, నువ్వు సన్నది పెట్టేసరికి ఖాళీ పెరిగిపోతుంది. పైన చెప్పిన సూది సైజు సరిచేస్తే సగం మందికి ఇదీ సర్దుకుంటుంది.

అలాగే మందం దగ్గర చేత్తో లాగకు. నాలుగు పొరల మీదకి ఎక్కేటప్పుడు కుట్టు పొట్టిదవుతోందని వెనకనుంచి గుంజబుద్ధేస్తుంది, గుంజితే సూది వంగి ప్లేటుకి తగులుతుంది, హుక్ మొన చెడుతుంది, నిజంగా టైమింగ్ పోయేది అప్పుడు. అంచు పల్చగా చెక్కుకుని మెట్టు తగ్గించుకో, అక్కడ నాలుగు కుట్లు హ్యాండ్ వీల్‌తోనే వెయ్యి. మూల తిప్పేటప్పుడు సూది పూర్తిగా దిగి కాస్త లేచి, హుక్ దారాన్ని అందుకున్నాకే తిప్పు.

కుట్టు పొడుగు 138 దారానికి మూడున్నర నాలుగు మిల్లీమీటర్లు పెట్టుకో. గట్టిగా ఉంటుందని మరీ దగ్గర చేస్తే తోలు పోస్టల్ స్టాంపుల షీటులా అయిపోయి ఆ గీత వెంటే చిరుగుతుంది. గుడ్డలా కాదు, తోలులో పడ్డ కన్నం పూడదు, విప్పి మళ్ళీ కుడదామంటే కన్నాలు అలాగే ఉంటాయి. అందుకే ఏ మార్పైనా ముందు అదే తోలు, అన్నే పొరలు, అదే జిగురు ఉన్న వేస్ట్ ముక్క మీద.

జిగురంటే గుర్తొచ్చింది, పూసిన వెంటనే కుడితే సూదికి అంటుకుని దారాన్ని పట్టేస్తుంది, పూర్తిగా ఆరనివ్వు, మధ్యమధ్యలో సూది తుడువు. సూది మారాక కూడా పీచు వస్తుంటే రెండు చూడు. ఒకటి వేగం, క్లచ్ మోటారు (ఎప్పుడూ పూర్తి వేగంతో తిరిగే పాత రకం) అయితే తోలుకి అది మరీ పరుగు, సూది వేడికి నైలాన్ మెత్తబడుతుంది, సర్వో (వేగం తగ్గించుకోగల మోటారు) పెట్టించి చిన్న పుల్లీ వేయిస్తే నెమ్మదిగా బలంగా గుచ్చుతుంది, ఈ ఒక్క ఖర్చు మాత్రం వెనకాడకు. రెండోది గరుకు, నైలాన్ సాక్సు ముక్క తీసి హుక్ మొనా ప్లేటు రంధ్రమూ ఫుట్ అంచులూ అన్నిటి మీదా రుద్దు, ఎక్కడ పట్టుకుంటే అక్కడ గీత పడినట్టే, బాగా సన్నని ఎమెరీ పేపరుతో నున్నగా చెయ్యి, హుక్ మొన పదును మాత్రం పోగొట్టకు.

ఇవన్నీ అయ్యాక కూడా తప్పుతుంటే అప్పుడు టైమింగ్ చూడు, చూడమన్నాను, విప్పమనలేదు. సూది అడుగుకి దిగి రెండు రెండున్నర మిల్లీమీటర్లు లేచేసరికి హుక్ మొన సూది నొక్కులో, బెజ్జానికి ఒకటిన్నర రెండు మిల్లీమీటర్ల పైన ఉండాలి, సూదికి తగలకుండా పల్చటి కాగితం దూరేంత దగ్గరగా ఉండాలి. కొలత నీ మిషను మాన్యువల్లో ఉన్నదే ఖాయం. మొన అసలు ఆ దరిదాపుల్లోనే లేదంటే కంగారు పడకు, కొన్ని మిషన్లకి సేఫ్టీ క్లచ్ ఉంటుంది, దారం ఇరుక్కుంటే హుక్ చెడకుండా అదే విడిపోతుంది, మాన్యువల్లో చెప్పిన బటన్ నొక్కి హ్యాండ్ వీల్ తిప్పితే టక్కున కూర్చుంటుంది. అది తెలీక టైమింగ్ మొత్తం విప్పేసుకున్నవాళ్ళు బోలెడుమంది.

ఆయిల్ రోజూ హుక్ దగ్గర ఒకటి రెండు చుక్కలు, తెల్లటి మిషను ఆయిలే, వంట నూనె కానీ తుప్పు వదిలించే స్ప్రే కానీ వద్దు. వేశాక వేస్ట్ ముక్క మీద కాసేపు నడుపు, లేకపోతే మంచి తోలు మీద మరక పడుతుంది.

ముందు 135 ఇంటూ 16లో 23 సైజు సూది తెచ్చుకుని, దారం మళ్ళీ ఎక్కించి, రెండు పొరల మీద ఒక గీత, నాలుగు పొరల మీద ఒక గీత కుట్టి పైవైపూ కిందవైపూ ఫోటోలు పంపు. బాబిన్ స్క్రూ ఇప్పటికే ఎన్ని చుట్లు తిప్పావో కూడా రాయి, దాన్ని బట్టి పైన ఎంత బిగించాలో చెప్తాను. ఆర్డరు బ్యాగు తోలు మాత్రం అప్పటిదాకా మిషను కింద పెట్టకు.

ఇట్లు
మీ బాబాయ్