టెక్ సందేహాలు: గీజర్ వాల్వ్‌కి డమ్మీ బిగిస్తే?

మామూలు రోజుల్లో ఈ కాలమ్‌కి వచ్చేవన్నీ ఫోన్ హ్యాంగయ్యే బాధలే. ధనుర్మాసం పెట్టేసరికి గీజర్లు ముందుకొస్తాయి. భోగినాడు తెల్లారగట్ల ఇంటిల్లిపాదికీ తలంట్లు, పైగా ఇంటినిండా చుట్టాలు. అందుకే ఈ వారం అన్నీ వేడినీళ్ల ప్రశ్నలే తీసుకున్నాను. మొదటిదానికి జవాబు కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

మాస్టారూ, మాది శ్రీకాకుళం. ఈమధ్యే 25 లీటర్ల గీజర్ పెట్టించాం. ఆన్ చేసినప్పుడల్లా అడుగున ఉన్న వాల్వ్ నుంచి చుక్కలు కారి గోడ పాడవుతోంది. ప్లంబర్‌ని పిలిస్తే "ఏటీ అవదమ్మా" అని ఆ కన్నానికి డమ్మీ బిగించి వెళ్లాడు. ఇప్పుడు కారడం లేదు. పరవాలేదు కదా?

పరవా ఉందండీ. ముందు స్విచ్ కట్టేయండి. నీళ్లు పూర్తిగా చల్లారాక వేడినీళ్ల కుళాయి ఒకసారి తిప్పి లోపలి ఒత్తిడి వదిలేయండి. ఆ తర్వాత డమ్మీ తీయించండి. అది తీసేదాకా గీజర్ వెయ్యొద్దు.

ఆ చుక్కలకో లెక్క ఉంది. 25 డిగ్రీల నీళ్లని 65కి కాస్తే దాదాపు 1.7 శాతం పొంగుతాయి. మీ 25 లీటర్లకి అది 420 మిల్లీలీటర్లు, అంటే మన టీ కొట్టు గ్లాసులతో నాలుగు. పాత ఇళ్లలో ఆ నాలుగు గ్లాసులూ వచ్చిన పైపులోంచే వెనక్కి, మేడమీది ట్యాంకుకి పోయేవి. ఇప్పుడు చన్నీళ్లు లోపలికి వచ్చే దగ్గర పెడుతున్న వాల్వ్ నీళ్లని వెనక్కి పోనివ్వదు. కుళాయిలు కట్టేసి ఉంటాయి, నీళ్లేమో నొక్కితే నలిగే సరుకు కాదు. ఇక మిగిలిన దారి అదే వాల్వ్‌కి పక్కనున్న చిన్న కన్నం. చాలా గీజర్లలో ఒత్తిడి 8 బార్లకి చేరగానే లోపలి స్ప్రింగు పైకి లేచి నాలుగు చుక్కలు వదిలేస్తుంది. మీ ఇంట్లో జరుగుతున్నది అదే, దాని పని అది చేసుకుంటోంది. ఆ అంకె వాల్వ్ ఒంటిమీదే ఉంటుంది, చూడండి.

అసలు భయం ఈ చుక్కల గురించి కాదు. గీజర్ మూత విప్పితే సన్నటి రాగి తీగ చివర పెన్సిలంత బల్బు ఒకటి కనిపిస్తుంది. చాలా మోడళ్లలో థర్మోస్టాట్ అదే. అందులోని ద్రవం వేడికి ఉబ్బి, తీగ పొడవునా తోసుకొచ్చి, కరెంటు కలిసే రెండు బిళ్లల్ని విడదీస్తుంది. నీళ్లు చల్లబడితే మళ్లీ కలుపుతుంది. రోజూ నిప్పురవ్వలు తిని తిని ఆ బిళ్లలు ఎప్పుడో ఒకనాడు అతుక్కుపోతాయి. ఇక గీజర్ ఆగదు. అప్పుడు ఆదుకోవడానికి పక్కనే థర్మల్ కటౌట్ అని ఇంకొకటి ఉంటుంది. నీళ్లు మరిగే దశకి రాకముందే అది కరెంటు తెంపేస్తుంది. చాలావాటిలో చిన్న బటన్ నొక్కితే గాని మళ్లీ కలవదు. (ఆ బటన్ నొక్కుకుంటూ గీజర్ నడిపేవాళ్లు నాకు తెలుసు. కటౌట్ మాటిమాటికీ పడిపోతోందంటే థర్మోస్టాట్ చచ్చిందని అర్థం, బటన్‌తో పోయే జబ్బు కాదది.) కటౌట్ కూడా చేతులెత్తేస్తే మిగిలేది ఆ వాల్వే. దానికి మీవాడు బిరడా కొట్టేశాడు.

బిరడా కొడితే ఏమవుతుంది? వంటింట్లో కుక్కర్ ఒక బార్ అదనపు ఒత్తిడి మీద నడుస్తుంది, లోపల 120 డిగ్రీలు ఉంటుంది. అదే ఒత్తిడి 8 బార్లయితే 170 డిగ్రీలు దాటేదాకా నీళ్లు మరగవు. అలాంటి నీళ్లున్న ట్యాంకు ఎక్కడైనా చిట్లిందంటే ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి, అందులో కొంత భాగం ఆ క్షణంలోనే ఆవిరైపోతుంది. లీటరు నీళ్లు ఆవిరైతే 1,600 లీటర్లకి పైనే చోటు కావాలి. బాత్‌రూమ్‌లో అంత చోటెక్కడిది!

గోడ పాడవుతోందన్న మీ బాధకి మందు చౌకే. ఆ కన్నానికి ఒక సన్నటి పైపు తగిలించి, కిందికి వాలుగా దించి, నీళ్లు పోయే జాలీ దగ్గర వదిలేయండి. మూతి తెరిచే ఉండాలి, దానికి కుళాయి పెట్టకూడదు. కాచేటప్పుడు మాత్రమే చుక్కలొస్తే నిశ్చింతగా ఉండండి. స్విచ్ కట్టేసినా రోజంతా కారుతుంటే వాల్వ్ సీటులో ఇసుక రేణువైనా ఇరుక్కుని ఉండాలి, లైన్లో ఒత్తిడైనా ఎక్కువ ఉండాలి. ట్యాంకు 10 మీటర్ల ఎత్తున ఉంటే ఒక బార్. ఒంటి అంతస్తు ఇంట్లో అది 0.3 కూడా రాదు. అపార్టుమెంటు అయ్యి, పైన ప్రెజర్ పంపు కూడా ఉంటే దాన్నే ముందు అనుమానించండి.

విజయనగరం కంటోన్మెంట్‌లో పాత ఇల్లు. షవర్ కింద నిలబడితే ఒళ్లు జిల్లుమంటోంది. ఎంసీబీ పడటం లేదు కాబట్టి భయం లేదంటున్నాడు మా బావమరిది.

మీ బావమరిది వైరుకి కాపలా పెట్టి మనిషికి పెట్టాననుకుంటున్నారు. 16 ఆంపియర్ల ఎంసీబీ ఉన్నది వైరు కాలకుండా చూడటానికి. మనిషి ప్రాణం మీదికి రావడానికి 0.03 ఆంపియర్లు చాలు. అది ఎంసీబీ అంకెలో ఐదువందలో వంతు కన్నా తక్కువ, దానికి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఎలిమెంట్ మీది రాగి గొట్టం చిట్లి కరెంటు నీళ్లలోకి దిగుతోందని నా అనుమానం. మంచి ఎర్తింగ్ ఉంటే అది నేలలోకి పోవాలి. మీ ఇంట్లో పోవడం లేదు. పాత ఇళ్లలో మూడో పిన్ను కన్నం ఉంటుంది, దాని వెనక వైరు ఉండదు. ఎర్తు గుంత ఉన్నా ఏళ్ల తరబడి నీళ్లు పోసినవాళ్లు ఉండరు. పైపులు ప్లాస్టిక్‌వి కదా అని ధీమా వద్దు, నీళ్లు లోహపు షవర్‌దాకా వచ్చేశాయి.

ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఆ గీజర్ జోలికే పోకండి, నాలుగు రోజులు కాగులో కాచుకోండి. ఎలిమెంట్ మార్పించి, ఎర్తు సరిచేయించి, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. వెళ్లిన కరెంటుకీ తిరిగొచ్చిన కరెంటుకీ తేడా వస్తే అది రెప్పపాటులో తెంపేస్తుంది. ఎర్తు లేకపోయినా పనిచేస్తుంది గానీ, మీరు ముట్టుకున్నాకే తెంపుతుంది. ఎర్తు ఉంటే ముందే పడిపోతుంది. దానిమీద "టి" అనే బటన్ నెలకోసారి నొక్కి చూడండి. పడకపోతే మార్చేయాల్సిందే.

మా అబ్బాయి బెంగళూరు నుంచి స్మార్ట్ ప్లగ్ పంపాడు. పాలకొండలో నేను లేవకముందే ఫోన్లోంచి గీజర్ వేస్తానంటున్నాడు. పెట్టవచ్చా?

ముద్దుగానే ఉంది గానీ, ముందు ప్లగ్ మీద 16 ఆంపియర్లని ఉందో లేదో చూడండి. 2,000 వాట్ల గీజర్ 8.7 ఆంపియర్లు, 3,000 వాట్లది 13 లాగుతుంది. 10 ఆంపియర్ల ప్లగ్‌కి మొదటిదే బరువు, రెండోదానితో కరుగుతుంది. యాప్‌లో "కరెంటు తిరిగొస్తే ఆఫ్‌లోనే ఉండాలి" అన్న సెట్టింగ్ పెట్టమనండి. 2018లో తిత్లీ తుపాను తర్వాత మనవైపు కరెంటు ఎన్నాళ్లకి వచ్చిందో మీకు గుర్తే. అలా వచ్చిననాడు ఇంట్లో మనుషులున్నా లేకున్నా ఆ ప్లగ్ తనంతట తాను గీజర్ని వేసేయకూడదు. 15 లీటర్లని 25 నుంచి 60 డిగ్రీలకి తేవడానికి 2,000 వాట్ల ఎలిమెంట్‌కి 18 నిమిషాలు పడుతుంది, 0.6 యూనిట్ ఖర్చు. కాబట్టి 25 నిమిషాల టైమర్ చాలు. టైమర్ ఉందని థర్మోస్టాట్‌ని గాలికొదిలేయకండి.

గార దగ్గర మాది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. మూడేళ్లకే గీజర్ అడుగు కారింది. కంపెనీ లోపమా?

నీళ్ల లోపం, మన బద్ధకం కూడా. ట్యాంకు లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, యానోడ్ అంటారు. ఉక్కుని తినాల్సిన తుప్పు ముందు దాన్ని తింటుంది. అది అయిపోయాక ట్యాంకు మీద పడుతుంది. ఇన్ని చెబుతున్న నేను మా ఇంటి గీజర్‌ని ఆరేళ్లపాటు విప్పి చూడలేదు. విప్పినరోజు, బొటనవేలంత లావుండాల్సిన కడ్డీ స్థానంలో ఉత్త ఇనుప తీగ, దానికి అక్కడక్కడా అంటుకున్న తెల్లటి పెచ్చులు వచ్చాయి. మీ నీళ్లకైతే ఏడాదికోసారి విప్పించాలి. అదే రోజు ఎలిమెంట్ మీది సున్నం కూడా గీకించేయండి. కాచేటప్పుడు లోపల గరగర శబ్దం వచ్చేది దానివల్లే.

బొబ్బిలిలో బాత్‌రూమ్ లోపల గ్యాస్ గీజర్ పెట్టుకోవచ్చా? చిన్న కిటికీ ఉంది.

వద్దు. మంటకి గాలి చాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. తలుపేసుకుని స్నానం చేస్తున్న మనిషికి తల తిరుగుతోందని తెలిసేలోపే స్పృహ పోతుంది. పెరట్లోనో వరండాలోనో బయటి గోడకి పెట్టించి, నీళ్ల పైపు ఒక్కటే లోపలికి తెచ్చుకోండి.