టాప్ తీసిన కారులో నాయిస్ క్యాన్సిలింగ్ పెట్టుకుంటే గుర్రుమంటోంది: సమాధానం

టాప్ తీసిన కారు నడుపుతూ, బయటి శబ్దాన్ని తగ్గించే నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే గుర్రుమని చప్పుడు వస్తోందని అడిగారు. ఆ గుర్రు హెడ్‌ఫోన్స్ పాడై వస్తున్నది కాదండీ, వాటి బయటివైపు ఉండే మైకులకు గాలి నేరుగా కొట్టడం వల్ల వస్తోంది. ఇంజిన్ హోరులాంటి ఒకే రకం శబ్దాన్ని అవి బాగా తగ్గిస్తాయి కానీ, మైకు దగ్గర సుడి తిరిగే గాలిని కూడా శబ్దమే అనుకుని దానికి విరుగుడు శబ్దం వదలబోయి కొత్త రొద పుట్టిస్తాయి.

కానీ దీనికోసం సెట్టింగులు మార్చుకుంటూ కూర్చోకండి, నడిపేటప్పుడు హెడ్‌ఫోన్సే తీసేయండి. మీరు నడిపేది కాలిఫోర్నియాలో అన్నారు, అక్కడి వాహన చట్టం (వెహికల్ కోడ్) సెక్షన్ 27400 ప్రకారం డ్రైవర్ హెడ్‌ఫోన్స్‌తో రెండు చెవులూ మూసుకోకూడదు. వెనక అంబులెన్స్ వస్తున్నా వినపడదు, దయచేసి ఆ రిస్క్ వద్దు.

గాలినే తగ్గించుకోండి:

1. టాప్ తీసినా నాలుగు అద్దాలూ పూర్తిగా పైకెత్తండి. చాలామంది మర్చిపోయేది ఇదే, ముఖ్యంగా వెనకవైపు చిన్న అద్దాలు. చాలా కార్లలో టాప్ దించేటప్పుడు అవి వాటంతటవే దిగిపోతాయి, మళ్లీ మనమే బటన్ నొక్కి ఎక్కించాలి.
2. ముందు సీట్ల వెనక విండ్ డిఫ్లెక్టర్ (గాలిని అడ్డుకునే తెర) బిగించండి. తల వెనక నుంచి తిరిగొచ్చే గాలిని అదే ఆపుతుంది.
3. కాల్ తప్పనిసరైతే ఒక్క చెవికే ఇయర్‌బడ్.
4. ఫ్రీవే మీద గంటలకొద్దీ వెళ్లాలంటే టాప్ వేసేయండి.